అతిమధురము – దాని రుచిగల తోడిదినుసులు



మన యిండ్లలో పోపులపెట్టెకును మందులపెట్టెకును నడుమ గోడ లేదు. శొంఠి, వాము, మిరియాలు, పసుపు ఉదయము వంటకును, రాత్రి వైద్యమునకును ఒక్క డబ్బానుండియే వచ్చుచున్నవి. ఆ డబ్బాలోనివే యొక విధమగు చల్లని తీపి గల మూడు దినుసులు: అతిమధురము, సోపు, అనాసపువ్వు. కన్నులు మూసికొని నోట వేసికొన్నచో ఈ మూడును అక్కచెల్లెండ్రవలె తోచును. నిజమునకు వీనిలో నేదానికిని మఱియొకదానితో చుట్టరికము లేదు. మొదటిది వేరు. రెండవది గింజయని మనము పిలుచు చిన్నకాయ. మూడవది యొక చెట్టుకాయ. రుచి యొక్కటే గనుక గుణమును, కొలతయు నొక్కటే యనుకొని మేము చేసిన పొరపాటు వలన మా యింట నొక యపాయము వాటిల్లినది. దోషము మాదే యగుటచే చెప్పుకొనుటకు సంకోచముగనే యున్నది. అయినను మావలె పుస్తకము చదివి వైద్యము చేయు సోదరీమణులు పెక్కండ్రుందురు గనుక వ్రాయుచున్నాము.

ముందుగా అతిమధురమును గూర్చి. ఇది చిక్కుడు కుటుంబమునకు చెందిన యొక చిన్నమొక్క వేరు. మధ్యధరా సముద్రతీరములందును, ఇరాను, ఆఫ్గనిస్తాను, మధ్య ఆసియా ప్రాంతములందును సహజముగ పెరుగును. మన యంగళ్లకు వచ్చు సరకు చాలవరకు పైదేశములదే. పుల్ల పైన గోధుమవన్నె బెరడును, విరిచిన లోపల పసుపుపచ్చని నారయు నుండును. హిందీవారు ములేఠీ యందురు. సంస్కృతమున యష్టిమధుకము, క్లీతకము, మధుకము మొదలగు పేర్లున్నవి. గ్రీకులు పెట్టిన పేరునకును "తియ్యని వేరు" అనియే యర్థము.

ఈ మధుకమను మాటతో మాకు చిన్ననాడే పరిచయము. మా తండ్రిగారు మాకు అమరము వల్లె వేయించునపుడు, మధుకమును మధూకమును ఒక్కటిగ చదివితిమని చెవి మెలిపెట్టిరి. హ్రస్వముతో పలికిన మధుకము అతిమధురము. దీర్ఘముతో పలికిన మధూకము ఇప్పచెట్టు. ఒక్క దీర్ఘమునకు వేరు చెట్టగునని యాయన నవ్వుచుండెడివారు. ఆ మెలిక నేటికిని మా చెవికి జ్ఞాపకమున్నది గాని, పేరులో నేర్చిన జాగ్రత్త కొలతలో నేర్చుకొనమైతిమి.

శాస్త్రములందు దీనికి గల ప్రశస్తి సామాన్యమైనది కాదు. చరకసంహిత సూత్రస్థానమున ద్రవ్యములను పదేసి చొప్పున ఏబది వర్గములుగ చెప్పినచోట, ఆయువునకు మేలు చేయు జీవనీయములలోను, గొంతునకు హితమగు కంఠ్యములలోను, మేనికి వన్నె నిచ్చు వర్ణ్యములలోను అతిమధుర మున్నది. బుద్ధిని పెంచు రసాయనములు నాలుగింటిలో దీని చూర్ణమును పాలతో సేవించుట యొకటి. ఇంత చదివిన మాకు, ఇది యెంత పుచ్చుకొన్న నంత మంచిదే యను భ్రమ కలిగినది.

మావారు బడిపంతులు. అరువదిమంది పిల్లల యెదుట దినమునకైదు గంటలు మాటలాడవలసినవారు. 2022వ సంవత్సరము కార్తికమాసమున వారి గొంతు పూర్తిగ రాచుకొనిపోయి, పాఠము చెప్పుట మాని పలకపై వ్రాసి చూపవలసిన స్థితి వచ్చెను. మేము అతిమధురపు పొడి చెంచెడు గ్లాసెడు నీళ్లలో మరిగించి, సగమునకు దింపి, ఉదయమొకసారి, సాయంకాలమొకసారి ఇచ్చితిమి. బడిలో చప్పరించుకొనుటకు పుల్ల ముక్కలు కూడ చొక్కాజేబులో వేసి పంపితిమి. పదునైదు దినములలో గొంతు విచ్చినది. అంతటితో మానవలసినది, మానలేదు. వారికి ఆ రుచి మరిగినది. మాకు మా వైద్యముపై గర్వము హెచ్చినది. తోటి ఉపాధ్యాయుల భార్యలడుగగా వారికిని పొట్లములు కట్టి యిచ్చితిమి. భోజనమైన వెంటనే గుప్పెడు సోపు నమలుచున్నాము గదా, అదే రుచిగల వేరునకు మాత్రము లెక్క యేల అని మా యూహ.

మాఘమాసము వచ్చుసరికి మొదట గమనించినవారు మా అత్తగారు. "నాయనా, నీ చెప్పుల పట్టీ అంత బిగువుగా నున్నదేమి?" అని వారడుగగా మేము చూచితిమి. వ్రేలితో నొక్కిన పాదమున గుంట పడుచున్నది. తలనొప్పి యని వారు రెండు వారములనుండి యనుచునే యున్నారు. బడి మేడమెట్లు ఎక్కునపుడు కాళ్లు తేలిపోవుచున్నవని కూడ అప్పుడే చెప్పిరి. వైద్యునియొద్దకు పోగా రక్తపోటు 170 – 100 చూపినది. అంతకు మునుపు వారికా జాడ్యము లేదు. రక్తపరీక్షలో పొటాషియమను లవణము మిక్కిలి తగ్గియున్నదని తేలినది. "ఏమైన మందులు పుచ్చుకొనుచున్నారా?" అని వైద్యుడు అడిగిన, లేదంటిమి. కషాయము మందను స్ఫురణయే మాకు లేదు. ఇంతలో మావారికి దగ్గు వచ్చి, అలవాటుచొప్పున జేబులోనుండి పుల్ల తీసి నోట వేసికొనిరి. వైద్యుడు చేయి చాచి ఆ పుల్ల యడిగి పుచ్చుకొని, వాసన చూచి, "ఎన్నాళ్లనుండి?" అనెను.

"కార్తికమునుండి" అంటిమి.

"దినమునకెంత?"

ఆ ప్రశ్నకు మాయొద్ద సమాధానము లేదు. ఇంటికి వచ్చి త్రాసున తూచితిమి. మా చెంచాకు 5 గ్రాములు. రెండు పూటలకు 10. జేబులోని ముక్కలు మఱి 3, 4 గ్రాములు. ఆయుర్వేదౌషధముల ప్రమాణములు నిర్ణయించు భారతప్రభుత్వ గ్రంథమున నున్న మాత్ర దినమునకు 2 మొదలు 4 గ్రాములు. మేము దానికి మూడు నాలుగు రెట్లు, మూడు నెలలు ఆపక పోసితిమి!

వేరు మాన్పించి, వైద్యుడు పొటాషియము మందిచ్చెను. వారము దినములలో వాపు తీసినది. రక్తపోటు సరిపడుటకు నెలదినములు పట్టినది. ఆ నెలయంతయు మాకు వారి కాళ్లకంటె ఎక్కువ బెంగ మఱియొకటి యుండెను. మేము పంచిపెట్టిన పొట్లములు! వైద్యుని యింటినుండి వచ్చిన సాయంకాలమే గడపగడపకు పోయి అడిగి తెచ్చుకొంటిమి. అందొకరి కోడలికి ఏడవ మాసము. గుండెలలో మంటకని ఆ పిల్ల రెండు దినములు పుచ్చుకొని, రుచి సహింపక మానివేసెనట. ఆమెకు రుచించకపోవుటకు మేము దేవునికి దండము పెట్టుకొంటిమి.

దీనికి కారణమేమని వైద్యు నడిగి తెలిసికొన్నది మాకర్థమైన మేరకు చెప్పుచున్నాము. ఈ వేరు తీపికి మూలము గ్లిసిరిజిన్ అను పదార్థము. పంచదారకంటె ముప్పది మొదలు ఏబది రెట్లు తీపియట. మన మూత్రపిండములలో ఉప్పును నిలిపియుంచుమని ఆజ్ఞ యిచ్చు రసము ఆల్డోస్టెరాన్. కార్టిసాల్ అను వేఱొక రసము రక్తమున దానికంటె మిక్కుటముగ నున్నది. ఇదియు నట్టి యాజ్ఞనే యీయగలదు. కాని అట్లు జరుగకుండ మూత్రపిండములలో దానిని చెఱచు కావలి యొకటి యున్నది. గ్లిసిరిజిన్ కడుపులో మారి ఆ కావలివానిని నిద్రపుచ్చును. అంతట ఉప్పును, నీరును ఒంట నిలిచిపోవును. పొటాషియము మూత్రముతో పోవును. వాపు, తలనొప్పి, రక్తపోటు, కండరముల బలహీనత, ముదిరినచో గుండె లయ తప్పుట – ఇవి యన్నియు దాని ఫలములే.

ఇది క్రొత్తగ తెలిసినదియు కాదు. 1946లో రెవర్స్ అను డచ్చి వైద్యుడు అతిమధురసారముతో కడుపులోని పుండ్లు మానుట గమనించెను. పుచ్చుకొన్నవారిలో ఇంచుమించు అయిదింట నొకరికి వాపు వచ్చుటయు నాయనయే గమనించెను. మేలు, కీడు ఒక్కనాడే బయటపడినవన్నమాట. 2003లో ఐరోపా సమాఖ్యకు చెందిన ఆహారశాస్త్రజ్ఞుల సంఘము, గ్లిసిరిజిన్ దినమునకు 100 మిల్లీగ్రాములు మించరాదని సలహా చెప్పినది. వేరులో నది నూటికి నాలుగు పాళ్లున్నదనుకొన్నచో రెండున్నర గ్రాముల వేరుతోనే ఆ హద్దు తీరును. కొన్ని వేళ్లలో నింకను హెచ్చుగ నుండును. గర్భిణుల విషయమున ఫిన్లాండు దేశమున చాల పరిశోధన జరిగినది. అచటివారికి దీని మిఠాయి యన్న ప్రీతి. మిక్కుటముగ తిన్న తల్లులకు నెలలు నిండకమునుపే కాన్పు వచ్చుట హెచ్చని 2001లో హెల్సింకినుండి ప్రకటించిరి. 2016నుండి ఆ దేశపు ఆరోగ్యశాఖవారు గర్భిణులకు వలదన్న పదార్థములలో దీనిని చేర్చిరి. రక్తపోటు కలవారు, మూత్రపిండముల జబ్బు కలవారు, నీరు తీయు మాత్రలుగాని గుండెకు డిజాక్సిన్ గాని వాడువారు దీని జోలికి పోరాదు.

మఱి మన శాస్త్రము తప్పు చెప్పినదా యని మేము చాల దినములు బాధపడితిమి. మరల గ్రంథము విప్పి చూడగా, మధురరసము మితిమీరినచో కలుగు వికారములను అదే సూత్రస్థానమున వరుసగ చెప్పియున్నది. మేము ప్రశస్తి చదివిన పుట మడిచి పెట్టుకొని, ఈ పుట మడువమైతిమి.

ఇక సోపు సంగతి. దీని చుట్టములు జీలకర్ర, ధనియాలు, వాము. అందుచేతనే కొన్నిచోట్ల పెద్దజీలకర్ర యనియు అందురు. గుజరాతు, రాజస్థానములందు విస్తారముగ పండును. లక్నో సోపని సన్నగ, పచ్చగ నుండు రకము తాంబూలమునకు శ్రేష్ఠము. లావుపాటిది వంటకు చాలును. సంస్కృతమున శతపుష్ప యను పేరు కొందరు దీనికిని, కొందరు సోయికూర గింజకును వాడుటచే కొంత చిక్కున్నది. సోపులో గ్లిసిరిజిన్ లేదు. దాని పరిమళము అనెథోల్ అను తైలముది. అనాసపువ్వునకును ఆ వాసన దానివలననే వచ్చినది. పాశ్చాత్యులు అతిమధురపు మిఠాయిలో ఈ వాసననే కలుపుటచేత లోకమునకు మూడును ఒక్కటిగ తోచినవి.

వంటింటిలో తెలియవలసిన సంగతి యిక్కడనే యున్నది. అతిమధురపు తీపి ఆవిరి కాదు గనుక దానిని మరిగింపవలెను. సోపు గుణము ఆవిరియై పోవును గనుక మరిగింపరాదు. చెంచెడు సోపు కచ్చాపచ్చాగ దంచి, దింపిన వేడినీటిలో వేసి, పదినిముషములు మూతపెట్టి వడకట్టిన చాలును. మూత మరచినచో పరిమళము వంటింటికి, పిప్పి మనకు. వేయించునపుడును సన్నసెగపై రంగు మారకుండ వేడిచేసి దింపవలెను. పొడి యేనాటికానాడు కొట్టుకొనుట మేలు. తిన్నది అరుగక కడుపుబ్బినపుడు ఈ నీరు సుఖమిచ్చును. కాని పసిపిల్లలకు మాత్రము వలదు. ఆరు మాసములవరకు తల్లిపాలు తప్ప వేరొకటి యీయరాదని నేటి వైద్యులందరును చెప్పుచున్నారు. సోపునీరు నాలుగేండ్లలోపు బిడ్డలకు తగదని ఐరోపా ఔషధసంస్థవారి సూచన.

మన ప్రాంతమున సోపు మసాలావడలకు ప్రాణము. శనగపప్పు రెండు గంటలు నానవేసి, నీరోడ్చి, పిడికెడు పప్పు విడిగ తీసియుంచి, మిగిలినది బరకగ రుబ్బునపుడే చెంచెడు సోపు వేయవలెను. పిదప కలిపినచో ఆ రుచి రాదు. విశేషముగ వాడువారు కాశ్మీర పండితులు. వారు ఉల్లి, వెల్లుల్లి లేకయే సోపుపొడి, శొంఠిపొడి, ఇంగువలతో కూరలు వండుదురు. కార్తికమున ఉల్లి మానువారికి వారి ఆలుగడ్డకూర మిక్కిలి యుపకరించును. అరకిలో చిన్న ఆలుగడ్డలు ఉడికించి, తోలు తీసి, పుల్లతో నాలుగుప్రక్కల గ్రుచ్చి, ఎఱ్ఱగ వేయింపవలెను. గ్రుచ్చుట మరచినచో రసము లోనికి పోదు. వారు ఆవనూనె వాడుదురు. మాకు వేరుసెనగనూనె చాలినది. వేరొక మూకుడులో నూనె కాచి, ఇంగువ వేసి, నీటిలో కలిపిన కారము పోసి, చిలికిన పెరుగు ఒక కప్పు కొంచెము కొంచెముగ వేయుచు గరిటె ఆపక కలుపవలెను. చేయి ఆపిన పెరుగు విరుగును. తరువాత సోపుపొడి రెండు చెంచాలు, శొంఠిపొడి చెంచెడు, ఉప్పు, కప్పెడు నీరు వేసి, గడ్డలు వదలి, నూనె తేలువరకు సన్నసెగపై నుంచవలెను. మా అత్తగారు మొదట ముక్కు చిట్లించిరి. ఇప్పుడు కార్తికమునకై యెదురుచూచుచున్నారు.

అనాసపువ్వు మనవారికి బిరియానీలో పరిచితము. దక్షిణ చీనాలోను, ఉత్తర వియత్నాములోను పెరుగు నొక చెట్టుకాయ యిది. ఎనిమిది రేకుల నక్షత్రమువలె నుండును. అరకిలో బియ్యమునకు ఒకటి మించిన మందువాసన వచ్చును. 2005 ప్రాంతమున పక్షిజ్వరపు భయము ప్రబలినపుడు, ఒసెల్టామివిర్ అను మందునకు మూలపదార్థము దీనినుండియే తీయుటచేత లోకమంతటను దీనికి గిరాకి పెరిగినది. దీనికి జపానులో నొక దాయాది యున్నది. బౌద్ధాలయములందును, సమాధులయొద్దను పెంచు చెట్టది. కాయ అచ్చముగ నిట్లే యుండును; అది విషము. మూర్ఛలు తెచ్చును. రెండును కలిసిపోయి వచ్చిన సరకుతో కషాయము కాచి త్రాగిన పసిబిడ్డలు మొదలగువారు జబ్బుపడగా, 2003లో అమెరికా ప్రభుత్వపు ఆహారౌషధశాఖవారు ఆ కషాయము త్రాగవలదని హెచ్చరించిరి. పొడిచేసినపిదప రెండింటిని వేరుపరుచుట మనకు సాధ్యము కాదు. కాబట్టి అనాసపువ్వు నిండుపువ్వుగనే కొని వంటలో వాడుకొందము గాని, కషాయమునకు, అందును శిశువులకు, ముట్టవలదు.

గురివింద మాట కూడ చెప్పవలసియున్నది. దాని యాకును వేరును తియ్యగ నుండుటచే అతిమధురమునకు బదులుగ వాడుట కలదు. ఆంగ్లేయులు దానిని ఇండియా అతిమధురమనియే పిలిచిరి. కంసాలులు బంగారము తూచిన ఆ నల్లమచ్చ ఎఱ్ఱగింజ మాత్రము ఘోరవిషము. నమిలినచో ప్రాణము తీయగలదు. బొమ్మలకును, దండలకును వాడు ఆ గింజలు పిల్లల చేతికందకుండ నుంచవలెను. పచారీకొట్టున అతిమధురము పొడిగ కొనక, పుల్లగ కొని, విరిచి లోపలి పసుపువన్నె చూచి, ఇంట దంచుకొనుటయే మా పద్ధతి.

మావారికి నిరుడు కార్తికమున మరల గొంతు పట్టినది. వైద్యునికి రక్తపోటు చూపించి, అడిగి, అరచెంచా పొడితో, అనగా రెండున్నర గ్రాములతో, ఉదయముపూట మాత్రము కషాయము కాచి యిచ్చితిమి. ఎనిమిదవనాడు గొంతు విచ్చినది. ఆనాడే సీసా మూత బిగించితిమి. సీసాకు చీటి యంటించి "అరచెంచా, పదినాళ్లు" అని వ్రాసియున్నాము. అత్తగారికి కళ్లజోడు లేనిదే అక్షరములు కానరావు గనుక మెడకొక ఎఱ్ఱదారము కూడ కట్టితిమి. మావారి జేబులోనిది ఇప్పుడు సోపు.